లిఫ్టాయన ఎక్కిన రెండు కొండలు

మా బిల్డింగులో లిఫ్టు చెడిపోయినన్ని సార్లు ఊళ్ళో మరే లిఫ్టూ చెడిపోదు. మొదటి అంతస్తులో లిఫ్టులు బాగుచేసే ఆయన కాపురం ఉండటమే అందుకు కారణం. ఊరంతా బాగుచేసి సాయంత్రం ఇంటికొచ్చిన మనిషిని మెట్ల దగ్గర పట్టుకుని "ఏవండీ, మన లిఫ్టు మళ్ళీ..." అనడానికి ఎవరికి నోరొస్తుంది? నేనుండేది అన్నిటికన్నా పై అంతస్తు కాబట్టి నాకొచ్చేది. నన్ను చూడగానే ఆయన చేతిలో ఉన్న పనిముట్ల సంచీని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకునేవాడు. ఆయన విసుక్కోవడమంటే అంతే. అంతకు మించి మాట దొర్లేది కాదు.

మాటలన్నీ ఆయన బావమరిది వాటా. లిఫ్టాయన భార్యకి సొంత తమ్ముడు, పనిలో ఈయనకి జోడీ. ఆ మనిషి గొంతుకి అందరూ పెట్టిన పేరు మైకు. గుసగుసగా ఏదైనా చెబితే వీధి చివర కుక్కలు లేచి కూర్చునేవి. ఆ గొంతు వల్లే ఆ పనిలో కుదిరాడు కూడా. లిఫ్టు పని ఒక్కరు చేసేది కాదు. ఒకరు డాబా మీద మోటారు గదిలో ఉంటారు, ఒకరు అన్నిటికన్నా అడుగున గోతిలో ఉంటారు. మధ్యలో చీకటి, వేలాడే ఇనప తాళ్ళు. చేతులు ఖాళీ ఉండవు కాబట్టి ఫోనులు పనికిరావు. అందుకని కేకలు.

"దిగావా?" అని పైనుంచి లిఫ్టాయన.

"దిగాను బావా!"

"కదపనా?"

"కదుపు!"

జవాబు చెవిన పడేదాకా స్విచ్చి మీద వేసిన చెయ్యి కదపకూడదు. పైవాడు తొందరపడితే కిందవాడు నలిగిపోతాడు. వాళ్ళ చదువంతా ఆ ఒక్క నియమమే.

ఇంకో అలవాటు ఉండేది వాళ్ళిద్దరికీ. బాగుచేసిన లిఫ్టులోకి ముందు మనిషి ఎక్కడు. కిందనుంచి మైకు తన టిఫిన్ క్యారేజీని లిఫ్టులో పెట్టి పైకి పంపేవాడు. "వచ్చిందా?" అని కేక. "వచ్చింది" అంటే, "అయితే నేనెక్కుతున్నా" అని వచ్చేవాడు. ఎప్పుడొచ్చినా క్యారేజీలో పై గిన్నె సగం ఖాళీగా ఉండేది. "బరువు సరిచూశాన్రా" అనేవాడట లిఫ్టాయన. నోట్లో నాలుక లేనట్టుండే మనిషికి ఉన్న ఒకే ఒక చిలిపితనం అది.

పెళ్ళీ పెటాకులూ లేని మైకు సెలవు రోజొస్తే కొండలెక్కేవాడు. మా ఊరికి ఉత్తరాన రెండు పెద్ద కొండలున్నాయి, భుజం భుజం రాసుకుని. ఒకదాన్ని పెద్దది అంటాం, రెండోదాన్ని పొగది అంటాం, దాని తల ఎప్పుడూ మబ్బులో ఉంటుంది కాబట్టి. నడక క్లబ్బువాళ్ళు ఏడాదికోసారి ఆ రెంటినీ ఒకే రోజులో ఎక్కి దిగుతారు. ఒంటరివాళ్ళని రానివ్వరు, జోడీగా రావాలి. "జనాన్ని పైకి పంపడమే నీ బతుకైపోయింది బావా, నువ్వెప్పుడెక్కుతావ్?" అని ప్రతి ఏడూ సతాయించి, చివరికి ఈ ఏడాది ఇద్దరి పేర్లూ తనే రాయించేశాడు.

ఆ తర్వాత కొద్ది వారాలకే, ఒక ఆదివారం రాత్రి పడుకున్న మైకు తెల్లారి మరి లేవలేదు. గుండె అన్నారు.

సాగనంపిన రోజున నేనూ ఉన్నాను. ఆడవాళ్ళు ఏడుస్తున్నారు, మగవాళ్ళు తలలు దించుకున్నారు. లిఫ్టాయన తలుపు పక్కన నిలబడ్డాడు. ఎవరు లోపలికి వచ్చినా తలుపు కీచుమంటోంది. కాసేపటికి ఆయన జేబులోంచి చిన్న నూనెడబ్బా తీసి, వంగి, తలుపు బందుకి రెండు చుక్కలు వేశాడు. తలుపు అటూ ఇటూ తిప్పి చూసి, ఇంకో చుక్క వేశాడు. గది మొత్తం ఏడుపు ఆపి ఆయన్నే చూసింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది నాకు, ఆయన బదులు.

"తమ్ముడు పోయాడని మనమేడుస్తుంటే మా మరిదిగారు తలుపుకి వైద్యం చేస్తున్నారే!" అంది ఆయన వదిన. అంటే భార్యకి అక్క. ఆవిడది పొరుగూరు, నోరు మాత్రం ఊరూరా తిరుగుతుంది.

ఆ రోజునుంచి ఆయన కంట తడి చూసినవాళ్ళు లేరు, నోట మైకు పేరు విన్నవాళ్ళు లేరు. పొద్దున లేచేవాడు, గడ్డం గీసుకునేవాడు, పెట్టింది తినేవాడు. ఉప్పు మర్చిపోయినా తినేవాడు. కంపెనీవాళ్ళు మీసాలాయన ఒకణ్ణి జోడీగా ఇచ్చారు. వారం తిరక్కుండా ఆ మీసాలాయన మేనేజరు దగ్గరికి వెళ్ళి, "కిందనుంచి నేను గొంతు చించుకుంటున్నా పైనుంచి మనిషి పలకడండీ. నాకు పిల్లలున్నారు" అన్నాడు. దాంతో లిఫ్టాయన్ని లిఫ్టులకి దూరంగా, ఫోను దగ్గర కూర్చోబెట్టారు. ఎక్కడో లిఫ్టులో ఇరుక్కుని ప్రాణాలు అరచేత పట్టుకున్నవాళ్ళు ఫోను చేస్తే ఈయన ఎత్తి, "భయపడకండి. తలుపు లాగకండి. మనిషి వస్తున్నాడు" అనాలి. ఆ గొంతులో ఏ భావమూ లేకపోవడం వాళ్ళకి ఎంతో ధైర్యంగా ఉందట. మేనేజరు మెచ్చుకున్నాడు.

ఇంట్లో మాత్రం ఆ గొంతుని మెచ్చుకునే పరిస్థితి లేదు. ఆయన భార్య బస్‌స్టాండులో టికెట్ల కౌంటరు మనిషి. అద్దం వెనకనుంచి మాట్లాడీ మాట్లాడీ ప్రతి మాటా రెండుసార్లు అనడం ఆవిడకి అలవాటు. ఇప్పుడు ఇంట్లోనూ అద్దం వచ్చి పడింది. "వాడికి ఈ కూరంటే ఇష్టం. ఇష్టం కదూ?" అంటే "ఊ". "వాడి బట్టలు ఎవరికిద్దాం? ఎవరికిద్దామండీ?" అంటే "ఊ". తమ్ముడు పోయిన దుఃఖం ఒకెత్తు, ఆ "ఊ" ఒకెత్తు.

అప్పుడు క్లబ్బువాళ్ళ నుంచి ఫోనొచ్చింది. పేర్లు కొట్టెయ్యమంటారా అని అడిగారు. ఎత్తింది ఆవిడ.

"కొట్టెయ్యకండి. ఒక పేరు మార్చండి చాలు. తమ్ముడి బదులు నేనొస్తాను."

ఫోను పెట్టేసి భర్త ఎదుట కూర్చుంది. పక్కగదిలో సంచీ సర్దేసి ఉంది. పొద్దున్నే అక్కకి చెప్పేసింది కూడా, కొన్నాళ్ళు వచ్చి ఉంటానని. ఎన్నాళ్ళో చెప్పలేదు.

"చూడండి, మిమ్మల్ని ఏడవమని అడగను. ఏడిస్తే వాడు వస్తాడా? కానీ ఆ కొండలు రెండూ ఎక్కి దిగేలోపు వాడి గురించి ఒక్క మాట మాట్లాడండి. ఒక్క మాట. లేదంటే మర్నాడు నేను అక్క దగ్గరికి వెళ్ళిపోతాను. గోడతో కాపురం చెయ్యడం నా వల్ల కాదు."

ఆయన ఏమన్నాడో వేరే చెప్పాలా?

"ఊ."

ఆ తర్వాత జరిగిందంతా కొంత ఆయన చెప్పింది, ఎక్కువ ఆవిడ చెప్పింది. అసలు సంగతి క్లబ్బు పెద్ద అయిన పళ్ళ డాక్టరు చెప్పాడు, నా పన్ను పీకుతూ, నేను ఎదురు ప్రశ్న వెయ్యలేని సమయం చూసుకుని.

ఆదివారం తెల్లవారుతుండగా బస్సు వాళ్ళని పెద్దదాని పాదాల దగ్గర దింపింది. దింపేముందు పళ్ళ డాక్టరు లేచి నిలబడి నియమాలు చెప్పాడు. బతుకంతా జనాన్ని నోరు తెరవమన్న మనిషి, కొండ దగ్గరికి రాగానే "నోరు మూసుకోండి, ముక్కుతో పీల్చండి" అంటాడు. "మంచులో తప్పిపోతే అక్కడే ఆగండి. ఒకటే కేక, ఆగి ఆగి వేస్తూ ఉండండి. సాయం కావాలని మాకు అర్థమవుతుంది." లిఫ్టాయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఒక్క ముక్క చెవిన వేసుకోలేదు.

ఆవిడ వేసుకున్నది తమ్ముడి కోటు. చేతులు మోకాళ్ళదాకా వేలాడుతున్నాయి. బయల్దేరింది మొదలు ఆ తమ్ముడి కబుర్లే. చిన్నప్పుడు వాడు నీళ్ళ ట్యాంకు ఎక్కి దిగలేకపోయింది, వాడి అరుపుకి పక్కింటివాళ్ళు పోలీసుల్ని పిలిచింది, పరీక్షలో పక్కవాడికి గుసగుసగా జవాబు చెబితే బడి మొత్తం పాసైంది. ఒక్కో కబురూ చెప్పి, వెనక్కి తిరిగి, మొగుడి ముఖం చూసేది. తలుపు దగ్గర బిళ్ళ తగిలించి ‘ఇప్పుడు లేరు’ అని రాసినట్టుండేది ఆ ముఖం.

రాళ్ళ దారి. అడుగు వేస్తే అర అడుగు వెనక్కి జారుతోంది. చెట్లు పొట్టివై, తర్వాత గడ్డిగా మారి, చివరికి అదీ లేకుండా పోయింది. చలికి ముందు చెవులు తిమ్మిరెక్కాయి, తర్వాత వేళ్ళు. ఆయనకి అదేం కొత్తగా అనిపించలేదట. "ఒళ్ళు కూడా నాలాగే అయింది, అంతే" అన్నాడు నాతో తర్వాత.

పెద్దదాని కొసన రాళ్ళ కుప్ప ఒకటుంది. అందరూ దాని పక్కన నిలబడి ఫొటోలు దిగారు, ఒకరినొకరు కావలించుకున్నారు. కింద ఊరు, రోడ్లు, చేతిలో పట్టేంత చెరువు. ఆవిడ ఊపిరి బిగబట్టి ఆయన వంక చూసింది. ఇప్పుడు అంటాడేమో అనుకుంది.

ఆయన అంచుదాకా వెళ్ళి కిందికి తొంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇంత ఎత్తుకి తాళ్ళు చాలవు" అన్నాడు.

ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ చలిలో అదీ ఒకందుకు మంచిదే.

అక్కణ్ణించి దారి రెండు కొండల మధ్య వంపులోకి దిగుతుంది. పొద్దున్నుంచి చెమటోడ్చి ఎక్కిన ఎత్తులో సగానికి పైగా పోతుంది. లిఫ్టాయన ఆగిపోయి, "ఎక్కిందంతా దిగి మళ్ళీ ఎక్కాలా?" అన్నాడు. ఆ రోజుకి ఆయన ముఖంలో మొదటిసారి ఏదో కదిలిందట, అన్యాయం జరిగినట్టు.

"మీ లిఫ్టు చేసేదేంటి మరి? అదే కదా? అదే కదండీ?" అంది ఆవిడ.

ఎదురుగా పొగది నిలబడి ఉంది, నడుము పైన ఏమీ లేకుండా.

రెండో కొండ సగానికి వచ్చేసరికి వాళ్ళిద్దరే వరుసలో చివర మిగిలారు. ఆవిడ కోటు టోపీ చెవుల మీదికి లాక్కుని, మాట్లాడటం మానేసింది. చెప్పాల్సినవన్నీ చెప్పేసింది, ఇంక సంచీ గురించి ఆలోచిస్తోంది. ఏ బస్సు ఎక్కాలి, టికెట్టు తన కౌంటరులోనే తీసుకుంటే తోటివాళ్ళేమనుకుంటారు, ఇలాంటివి. ఆయన బూటు లేసు ఊడితే వంగాడు. మొద్దుబారిన వేళ్ళు. లేసు దొరకదు, దొరికితే ముడి పడదు. తల ఎత్తేసరికి మబ్బు దిగింది. ముందు భార్య లేదు, దారి లేదు, తన మోకాళ్ళ కింద కాళ్ళు కూడా సరిగ్గా లేవు. ఎదురుగా నిటారు బండ ఒకటుంది. దాని మీదికే ఆవిడ ఎక్కి ఉండాలి.

ఆయన బండ మీద చెయ్యి ఆనించి, పైకి చూసి, కేకేశాడు.

"ఎక్కావా?"

గాలి హోరు. జవాబు లేదు.

ఎవరైనా ఏం చేస్తారు? ఎక్కుతారు. పక్కనుంచి దారి ఉంది, రాళ్ళ మీద ఎర్ర రంగు గుర్తులున్నాయి, నాలుగడుగులు వేస్తే ఆవిడ కనబడుతుంది. ఆయన ఎక్కలేదు. బండ మీద చెయ్యి తియ్యలేదు. కాసేపు ఆగి మళ్ళీ పిలిచాడు. "ఎక్కావా?" మళ్ళీ కాసేపు ఆగాడు. అలాగే నిలబడి, అదే కేక, అదే గొంతుతో.

అది పైన ఉన్న పళ్ళ డాక్టరు చెవిన పడింది. ఆగి ఆగి వచ్చే ఒకటే కేక! ఈల ఊదాడు. క్లబ్బువాళ్ళు తాడూ దుప్పటీ పట్టుకుని పరుగున దిగారు. చూస్తే ఒక మనిషి రాతికి చెయ్యి అంటించుకుని నిలబడి ఉన్నాడు.

"ఎక్కడ దెబ్బ తగిలింది?"

"దెబ్బా? తగల్లేదే."

"మరి ఎందుకు పిలిచారు?"

"జవాబు కోసం."

"ఎక్కొచ్చుగా, దారి ఇదేగా!"

"జవాబు రాలేదుగా" అన్నాడు ఆయన, వాళ్ళకి ఆ మాత్రం తెలియనందుకు కొంచెం ఆశ్చర్యపడి.

క్లబ్బువాళ్ళు ముఖముఖాలు చూసుకున్నారు. చలి తలకెక్కితే మనిషి ఇలాగే మాట్లాడతాడట. దానికో పరీక్ష ఉంది. పళ్ళ డాక్టరు ఆయన ముఖంలోకి వంగి, "ఇవాళ ఏ వారమో చెప్పండి" అన్నాడు.

"సోమవారం."

ఆదివారం నడకకి వచ్చిన మనిషి! అంతే, మరో ప్రశ్న లేదు. జిగేలుమనే వెండి కాగితంలాంటి దుప్పటి తీసి ఆయన్ని తలనుంచి పాదాలదాకా చుట్టేశారు. పొట్లం కట్టిన మిఠాయిలా తయారయ్యాడు. ఒకాయన చెయ్యి తీయించబోయాడు, రాలేదు. ఇంకొకాయన ఆయన నోట్లో చాక్లెట్టు ముక్క పెట్టి, "నమలండి, పాపం, నమలండి" అంటున్నాడు. అదిగో, అప్పుడు దిగింది ఆవిడ పైనుంచి, కోటు చేతులు రెక్కల్లా కొట్టుకుంటూ.

"ఏమైంది? ఏమైందండీ?"

"కంగారు పడకండమ్మా, మీ ఆయనకి కాస్త వారాలు కలిసిపోయాయి. ఇవాళ సోమవారమంటున్నారు" అన్నాడు పళ్ళ డాక్టరు.

ఆవిడ భర్త వంక చూసింది. ఆయన చాక్లెట్టు నమిలి మింగాడు. తర్వాత మాట్లాడాడు, ఫోనులో ఇరుక్కుపోయినవాళ్ళతో మాట్లాడే గొంతుతోనే.

"ఆ సోమవారం నేను ముందే వెళ్ళాను పనికి. పైన మోటారు గదిలో ఉన్నా. కింద తలుపు చప్పుడైంది, వాడే వచ్చాడనుకున్నా. స్విచ్చి మీద చెయ్యేసి పిలిచాను, దిగావారా అని. పలకలేదు. టీ తాగుతున్నాడేమో అనుకున్నా. మళ్ళీ పిలిచా. తిట్టాను కూడా. క్యారేజీలో ఏం మిగల్చను ఇవాళ, అన్నాను. చాలాసేపు పిలిచాను. అప్పటికే వాడు లేడు కదా. నాకు తెలీదు. మీ అక్క ఫోను చేసింది. ఫోను ఎడం చేత్తో ఎత్తాను, కుడి చెయ్యి స్విచ్చి మీదే ఉంది. తర్వాత ఇంటికి ఎలా వచ్చానో గుర్తులేదు. చెయ్యి తియ్యమని ఎవరూ అనలేదు."

అంతే చెప్పాడు. ఏడవలేదు. గాలికి వెండి దుప్పటి చప్పుడవుతోంది. చాక్లెట్టాయన ఇంకో ముక్క పెట్టబోయి, ఆగి, తనే తినేశాడు.

ఆవిడ ఓదార్చలేదు, ముట్టుకోలేదు. వెనక్కి తిరిగి, వచ్చిన దారినే బండ పైకి ఎక్కి మబ్బులో కనబడకుండా పోయింది. క్లబ్బువాళ్ళకి ఈవిడ పరిస్థితి కూడా అదేనేమో అనిపించి రెండో దుప్పటి విప్పడం మొదలుపెట్టారు. అంతలో పైనుంచి, మైకు తోబుట్టువుకీ ఆ గొంతే ఉందని అప్పుడు తెలిసింది, కొండ అదిరేలా ఒక కేక.

"ఎక్కాను! ఎక్కానండీ!"

ఆయన బండ మీదినుంచి చెయ్యి తీశాడు. దాన్ని ఒకసారి తిప్పి చూసుకున్నాడు, ఎవరిదో అన్నట్టు. ఎక్కాడు.

పొగది కొసన తీసిన ఫొటో క్లబ్బు గోడకి ఉంది. అందరూ నవ్వుతున్నారు. మధ్యలో వెండి పొట్లం ఒకటి, దానికో ముఖం. ఆ ముఖంలో నవ్వూ లేదు, ఏడుపూ లేదు. పక్కన పొడుగు చేతుల కోటు. దాని ముఖంలోనూ ఏమీ లేదు. ‘అడిగిన మాట అన్నాడుగా, అయితే వెళ్ళదా?’ అని మీకు వచ్చిన అనుమానమే పళ్ళ డాక్టరుకి కూడా వచ్చి ఉండేది, సంచీ సంగతి తెలిస్తే. దిగేటప్పుడు ఇద్దరూ ఆ ఊసే ఎత్తలేదు.

మర్నాడు పొద్దున మా లిఫ్టు చచ్చిపోయి ఉంది. నేను విసుక్కుంటూ దిగుతుంటే మొదటి అంతస్తులో తలుపు తెరుచుకుంది. ఆవిడ. చేతిలో సంచీ. మెట్లు దిగడానికి ఒళ్ళంతా పక్కకి తిప్పి, గోడ పట్టుకుని, పీతలా దిగుతోంది. ఒక్కో మెట్టుకీ "అమ్మా" అంటోంది. వెనకే ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు, కాళ్ళు దూరం దూరంగా పెట్టుకుని. ఇలాంటప్పుడు చూడనట్టు వెళ్ళిపోవాలి. నోరు ఊరుకోదే!

"ఏవండీ, మన లిఫ్టు మళ్ళీ..." అన్నాను.

సంచీ మార్చుకోవడానికి ఆయన చేతిలో సంచీ లేదు. లోపలికి వెళ్ళి తెచ్చుకున్నాడు. ఫోను దగ్గర కూర్చున్నప్పటినుంచి మూలనపడ్డ పనిముట్ల సంచీ అది. దాన్ని భుజాన వేసుకుని మెట్లెక్కడం మొదలుపెట్టాడు. రెండు కొండలెక్కిన మనిషికి మా డాబా మూడో కొండైంది. చేతులతో ఒక్కో మోకాలినీ ఎత్తి పై మెట్టు మీద పెట్టుకుంటున్నాడు. నేను బయటికి వెళ్ళే పని మానుకుని వెనకే ఎక్కాను. ఏం పనో ఇప్పుడు గుర్తు కూడా లేదు.

ఆయన మోటారు గదిలోకి వెళ్ళాడు. నేను మా గుమ్మంలో, లిఫ్టు తలుపు ఎదుట నిలబడ్డాను. పైన స్క్రూలు తిప్పుతున్న చప్పుడు, ఏదో గీకుతున్న చప్పుడు. తర్వాత ఏ చప్పుడూ లేదు. కింద ఆవిడ ఆటో ఎక్కేసిందేమో కూడా తెలియదు.

"కదపనా?"

పైనుంచి వచ్చింది ఆ కేక. మామూలు గొంతు. పెద్దగా కూడా లేదు. ఎవరినో తేల్చకుండా, తాళ్ళ మధ్యనుంచి కిందికి వదిలాడు.

నేను జవాబిద్దామనుకున్నాను. నాలుక కరుచుకున్నాను.

"ఉండండి! ఉండండి!" అని అడుగునుంచి వచ్చింది. లిఫ్టు తలుపు తెరిచిన చప్పుడు, ఏదో బరువుగా లోపల పెట్టిన చప్పుడు, తలుపు మూసిన చప్పుడు. "ఆ, కదపండి!"

లిఫ్టు మూలుగుతూ పైకి వచ్చింది. నా ఎదుట ఆగింది. ఆయన డాబా మెట్లు దిగి వచ్చి, నన్ను చూడనట్టే దాటి, తలుపు తెరిచాడు. లోపల మనిషి లేదు. నేల మధ్యలో, బిగించి కట్టిన ఆవిడ ఊరి సంచీ ఉంది.

ఆయన దాన్ని బయటికి తీసి గోడవార పెట్టాడు. దాని పక్కనే, కాళ్ళు మడత పడక, చాపుకుని కూర్చున్నాడు.

"వచ్చిందా?" కింద కేక, బిల్డింగు మొత్తానికీ వినబడేలా.

ఆయన ఆ సంచీ మీద చెయ్యి వేశాడు.

"వచ్చింది" అన్నాడు.

"అయితే నేనెక్కుతున్నా."